కేక వేయని వంతు

మా పడకగదిలో ఒక మిషన్ ఉంది. ఎత్తు బియ్యం డబ్బా అంత, కింద నాలుగు చక్రాలు. గదిలో గాలిని పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి, సన్నటి గొట్టం గుండా మా ఆయన ముక్కుకు అందిస్తుంది. ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని నెల్లూరు డాక్టరు చెప్పినప్పటి నుంచీ అది మా ఇంట్లోనే ఉంటోంది. పగలూ రాత్రీ బుస్సు బుస్సుమంటూనే ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు, ఈ మోతలో ఎట్లా పడుకుంటారమ్మా అని అడుగుతారు. ఆ మోత ఉంటేనే నేను పడుకోగలను. అది ఆగితే నా పని అయిపోయినట్టే.

నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. దాచుకోవడానికి ఏముంది? శ్రీహరికోటలో రాకెట్ ఎగురుతోందంటే మా ఊరు ఊరంతా మిద్దెలెక్కి చప్పట్లు కొడుతుంది. నేను మాత్రం వంటింట్లో నిలబడి, అది తిరిగి ఎక్కడ పడుతుందో అని దేవుడి పటం వైపు చూస్తుంటాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన దీన్ని చూసి తెగ నవ్వేవాడు. జబ్బు వచ్చాక నవ్వడానికి కూడా ఊపిరి లెక్క చూసుకోవలసి వచ్చింది. నా భయం మాత్రం ఏ లెక్కా లేకుండా పెరిగింది.

మిషన్ కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే ఆగుతుంది. నా భయమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. మా ఇంటి ఇన్వర్టర్ రెండు ఫ్యాన్లకూ నాలుగు లైట్లకూ సరిపోయేది, మిషన్ పెడితే కీచుమని అరిచి చేతులెత్తేసేది. పెద్దది తెచ్చుకోవాలని అనుకుంటూనే ఉన్నాం, అనుకుంటూనే ఎండలొచ్చేశాయి. అందుకని మంచం పక్కన ఒక చిన్న ఇనప సిలిండర్ పెట్టుకున్నాం. దాన్ని తిప్పడానికి ఒక తాళంచెవి, లోపల ఎంత మిగిలిందో ముల్లుతో చూపించే గడియారం ఒకటి. నిండుగా ఉంటే మూడు గంటలకు పైగా వస్తుందని ఇచ్చినవాళ్లు చెప్పారు.

నాకో పాడు అలవాటు పట్టుకుంది. సాయంత్రం దీపం పెట్టగానే సిలిండర్ దగ్గరికి వెళ్లి తాళంచెవితో కొంచెం తిప్పేదాన్ని. స్‌స్స్ అని చప్పుడు వచ్చేది. హమ్మయ్య, ఉంది. మళ్లీ బిగించేదాన్ని. ముల్లు ఎక్కడుందో చూసేదాన్ని కాదు, ఆ చప్పుడు చెవిన పడితే చాలు, ఆ పూటకి నా ప్రాణం కుదుటపడేది. కొన్ని రోజులు పొద్దున కూడా ఒకసారి.

"ఉండేదాన్ని ఉందా ఉందా అని చూస్తా ఉంటే, ఉండేది గూడా పోతాది," అనేవాడు మా ఆయన.

"నీకేం, పండుకోని ఎన్నయినా చెప్తావు," అనేదాన్ని నేను.

మాది తోటపల్లి గూడూరు వైపు ఊరు. ఇటు వరి, అటు రొయ్యల గుంటలు, వాటి వెనక సముద్రం. మా వీధిలో పదకొండు ఇళ్లు, చివరి ఇల్లు మాది. వెనకటికి మధ్యాహ్నం దాటితే సముద్రం మీది నుంచి గాలి తిరిగేది, ఆ గాలికి వాకిట్లో నులకమంచం వేసుకుంటే చాలు. ఇప్పుడా గాలి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వచ్చినా చెమటను ఆర్పదు, ఇంకాస్త అంటిస్తుంది. కొన్నేళ్ల కిందట వీధి మొత్తానికి ఒక్క ఏసీ ఉండేది. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకుని ఇంకాసేపు కూర్చునేవాళ్లం. ఈ ఏడాదికి మాతో కలిపి తొమ్మిది ఇళ్లలో ఏసీలున్నాయి. వీధి మొదట్లో స్తంభాల మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆ పాతదే.

రోహిణీ కార్తె ఇంకా రాకముందే ఫీజులు పోవడం మొదలైంది. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి లైట్లు మినుకుమినుకుమనేవి, ఏసీలు గుర్రుమనేవి, ఠక్కుమని అంతా ఆగిపోయేది. లైన్‌మన్ వచ్చి ఫీజు వేసే దాకా అరగంటో ముప్పావు గంటో. ఆ అరగంటా నేను సిలిండర్ తిప్పి, గొట్టం మార్చి, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే బిళ్లను ఆయన వేలికి తగిలించి, దాంట్లో అంకెను చూస్తూ కూర్చునేదాన్ని. తొంభై దాటి ఉంటే భయం లేదని డాక్టరు చెప్పాడు. భయం లేదని ఎవరైనా చెబితే పోయే రకమా నా భయం?

ఒకరోజు ఫీజు వేసి దిగి వచ్చిన లైన్‌మన్‌కు మజ్జిగ ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి ఆయన చల్లగా ఒక మాట చెప్పాడు.

"అమ్మా, ఇది ముసిలి ట్రాన్స్‌ఫార్మర్. ఫీజు పోయినంత వరకూ మంచిదే అనుకోండి. ఈసారి అది గాని కాలిందంటే, కొత్తది వచ్చేదానికి మూడు నాలుగు దినాలు పడతాది. ఎండాకాలం గదా, అన్ని ఊర్లలో ఇదే గోల. మీ వీధోళ్లు కాస్త ఏసీలు తగ్గించుకుంటే మేలు."

మూడు నాలుగు దినాలు. నా దగ్గరుంది మూడు గంటలు. ఆ పూట అన్నం సయించలేదు నాకు. సాయంత్రం వీధిలో ప్రతి గడపా తొక్కాను. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగనిదాన్ని, ఆ రోజు మాత్రం గడప గడపకూ ఒకే మాట, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మా ఆయన బతకడు.

అందరూ మా వరండాలోకే వచ్చారు. మా ఆయనకు పెదనాయన వరసయ్యే పెద్దాయన కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. ఎనభై దాటాయి. కాలువ కింద మా ఊరి పొలాలకు నీళ్ల వంతులు వేసింది చాలా ఏళ్లు ఆయనే. కాలువలో నీళ్లు చాలనప్పుడు ఏ మడికి ఎంతసేపు పారాలో ఆయన చెబితే ఊళ్లో దానికి తిరుగులేదు.

"నీళ్లు చాలకపోతే ఏం జేసినాం? కొట్టుకోని చచ్చినామా? వంతులు పెట్టుకోలా? ఇదీ అంతే," అన్నాడు.

"నీళ్లంటే కంటికి కనపడతాయి పెదనాయనా. కరెంటు యాడ కనపడతాది?" అన్నాడు రొయ్యల గుంటలున్న అన్న. మా వీధిలో నాలుగో ఇల్లు ఆయనది.

"నీకు కనపడకపోతే నీ పక్కింటోడికి కనపడతాది. ఏసీ డబ్బా బయటనే గదా మొత్తుకునేది."

ఎదురింటి టీచరక్క నోటు పుస్తకంలో పేర్లు రాసింది. ఒకేసారి నాలుగు ఇళ్లకు మించి ఏసీ ఆడకూడదు. ఒక్కో వంతు రెండు గంటలు. వేసుకున్నవాళ్లు ఇరవై ఏడు మీద పెట్టి, ఫ్యాను కూడా తిప్పుకోవాలి. పద్దెనిమిది పెట్టుకుని దుప్పటి కప్పుకునేవాళ్లెవరో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట దగ్గర ఇద్దరు తలలు దించుకున్నారు. మరి ఎవరైనా ఊరికి వెళితే వాళ్ల వంతు ఏమవుతుందని అడిగింది అక్క.

"వదిలేసిన వంతు చివరి మడికి పోవాల. అది మొదటి నించీ ఉండేదే. ఎప్పుడూ ఎండేది చివరి మడే గదా," అన్నాడు పెద్దాయన. "అయితే ఊరకనే మడవ తిప్పి నీళ్లు మళ్లించుకోకూడదు. గట్టు మీద నిలబడి మూడు కేకలెయ్యాల. ఫలానా వాళ్ల వంతు, ఎవురన్నా ఉండారా అని. ఎవురూ పలక్కపోతేనే తిప్పుకోవాల."

"ఏసీకి కేకలేంది పెదనాయనా! తలుపులేసుకోని పండుకుంటే ఎవురికి ఇనపడతాది?" అన్నాడు గుంటల అన్న.

అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను, చాలా రోజుల తరువాత. టీచరక్క ఆ కేకల సంగతి పుస్తకంలో రాయలేదు.

చివర్లో ఆవిడే అంది. "ఈళ్లింటికి వంతొద్దు. అన్నకి బాగలేదు గదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఏసుకోనీండి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించబోతున్నాను, లోపలి నుంచి మా ఆయన గొంతు వినిపించింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అన్నాడు. "నాకు మిషన్ చాలు. ఏసీకి మా వంతు... మాకూ రాయండి."

అందరూ వెళ్లాక ఆయన మీద పడ్డాను. "నీతులు చెప్పేదానికి ముందు ఊపిరందాల గదా నీకు!" అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. జీవితమంతా అంతే. తనకు రావలసిన దాంట్లో ఒక పిసరు ఎక్కువ వస్తే ఆ మనిషికి అరగదు.

ఇక నా పాట్లు మొదలయ్యాయి. పన్నెండు నుంచి రెండు మా వంతు. ఆ రెండు గంటల చల్లదనాన్ని సాయంత్రం దాకా గదిలోంచి పోనివ్వకుండా కట్టేయాలి. తెల్లారకముందే వంట ముగించేదాన్ని. తొమ్మిది కొట్టకముందే కిటికీలు మూసి, మందపాటి దుప్పట్లు వేలాడదీసేదాన్ని. తలుపు కింద సందులో పాత చీర మడిచి కుక్కేదాన్ని. గుంటల అన్న తన గుంటల్లో చల్లే సున్నం రెండు బస్తాలు ఇస్తే, జిగురు కలిపి మిద్దె మీద రెండు పూతలు వేయించాను. పడమటి గోడకు నీడగా కొబ్బరాకుల తడిక కట్టించాను. ఏసీ బయటి డబ్బాకు సముద్రపు ఉప్పుగాలి తుప్పు పట్టిస్తుంది, దాని రెక్కల్లో దుమ్ము అట్టకడుతుంది. వారానికొకసారి దాన్ని కడిగి, లోపలి జల్లెడ తీసి కుళాయి కింద రుద్దేదాన్ని. మొదటిసారి తీసినప్పుడు దాని మీద దుప్పటంత దుమ్ము వచ్చింది. ఇన్నాళ్లూ కరెంటు తిన్నది ఏసీ కాదు, ఆ దుమ్మే. ఇవన్నీ చేశాక రెండింటికి ఏసీ కట్టేస్తే, ఫ్యాను గాలికే నాలుగు దాకా గది ఓర్చుకునేది.

వీధిలో మిగతా వాళ్లు కూడా ఏదో ఒకటి చేసుకున్నారు. రెండు వారాలకు దగ్గరగా ఒక్క ఫీజు పోలేదు. ఎవరిదైనా బయటి డబ్బా వంతు తప్పి మోగితే పెద్దాయన కర్ర గేటు మీద టకటకమనేది. నాకే ఆశ్చర్యమేసింది, భయం ఒకటి రెండు పూటలు నన్ను మరిచిపోయింది కూడా. సాయంత్రం సిలిండర్ తిప్పి చూసుకోవడం మాత్రం మానలేదు.

ఆ రోజు పొద్దున టీచరక్కా వాళ్లాయనా చర్చిలో పెళ్లికని నెల్లూరు బస్సెక్కారు. గేటుకు తాళం పడటం నేను చూశాను. రెండు నుంచి నాలుగు వాళ్ల వంతు. రెండున్నర అయింది, వాళ్ల గోడ మీది డబ్బా ఉలకలేదు పలకలేదు. బయట ఎండ కిటికీ సందుల్లోంచి తెల్లగా పొడుస్తోంది. మా ఆయన నిద్రపోతున్నాడు. మెడ మీద సన్నగా చెమట పట్టింది. నాకు భయమేసింది.

వదిలేసిన వంతు చివరి మడికి. మా ఇల్లే చివరిది. ఇందులో తప్పేముంది? పుట్టినప్పటి నుంచీ పొలాల మధ్య బతికినదాన్ని, పారే నీళ్లు ఊరికే సముద్రంలో కలిస్తే పాపమని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రిమోట్ నొక్కాను. కీచుమంది, రెక్క తెరుచుకుంది. చల్లగాలి ఆయన మీదికీ నా మీదికీ వచ్చింది. పావుగంట, అంతే.

ఫీజు పోయినప్పటి ఠక్కు కాదది. వీధి మొదట్లో బాంబు పేలినట్టు ఢామ్మంది. కాకులన్నీ ఒక్కసారి లేచాయి. ఏసీ రెక్క సగంలో నిలిచిపోయింది. మిషన్ ఒక్కటే పొడుగ్గా కూత పెట్టి, ఆ కూతను కూడా ఆపేసింది.

ఆ నిశ్శబ్దం ఎలాంటిదో నేను చెప్పలేను. ఇప్పటికీ కుక్కర్ ఆవిరి దిగిపోయి వంటిల్లు సద్దుమణిగితే పడకగదిలోకి పరిగెత్తి మిషన్ చూసుకుంటాను.

గొట్టం పీకి సిలిండర్‌కు తగిలించాను. తాళంచెవి రెండుసార్లు చేయి జారింది. తిప్పాను. స్‌స్స్ అంది. అప్పుడు, మొదటిసారిగా, ముల్లు వైపు చూశాను. ఎర్ర గీత మీద ఉంది.

ముందు నాకు అర్థం కాలేదు. గడియారం పాడైందేమో అనుకుని వేలితో కొట్టాను. ముల్లు కదల్లేదు. రోజూ నేను విన్న చప్పుడు ఏమిటో అప్పుడు తెలిసింది. రోజుకింత, పూటకింత, మా ఆయన ఊపిరిని నేనే తిప్పి గదిలోకి వదిలేశాను. కొన్ని పూటలు సరిగ్గా బిగించి కూడా ఉండను. ఉందా ఉందా అని చూసుకుని, లేకుండా చేసుకున్నాను.

లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే, ఆయిలు కారిపోతోంది, ఇక ఈ రోజుకు లేనట్టేనన్నాడు. అంబులెన్సుకు చేస్తే గంటలోపు వస్తామన్నారు. గంట! నేను చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాను. సిమెంటు రోడ్డు అరికాళ్లను కాల్చేస్తోంది. అప్పటికే ఇళ్లలోంచి అందరూ బయటికి వచ్చి స్తంభాల వైపు చూస్తున్నారు. "సిలిండర్‌లో లేదు, సిలిండర్‌లో లేదు," అని అరుస్తున్నాను. పక్కింటామె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

ఎండ భగభగ మండే వేళ, తన వంతు కాని వేళ, ఆమె చేతులు కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. ఆమె నా కళ్లలోకి చూసి చేతులు వదిలేసింది. నా చేతులు కూడా ఆమెకు చల్లగానే తగిలి ఉంటాయి. రెండు ఇళ్లవతల ఇంకొకామె నా భుజం పట్టుకుంది, ఆ చెయ్యీ అంతే.

గుంటల అన్న ఒక్కడికే బుర్ర పనిచేసింది. "గుంట కాడ జనరేటర్ ఉంది, పదండి!" అని అరిచి, మేత బస్తాలు తోలే ట్రాలీ ఆటో తెచ్చాడు. కరెంటు పోయి నీళ్లు చిలికే చక్రాలు ఆగితే రొయ్యలు అరగంటలో ఊపిరాడక పైకి తేలతాయి, అందుకే ఏ గుంట మీదైనా జనరేటర్ లేకుండా ఉండదు. ఈ సంగతి నాకు ఇన్నేళ్లుగా తెలుసు. రొయ్యకు చేసుకున్న ఏర్పాటు మా ఇంట్లో మనిషికి చేసుకోలేకపోయాం.

నలుగురు పట్టి మా ఆయనను చాప మీద ట్రాలీలో కూర్చోబెట్టారు. మిషన్‌ను తాడేసి కట్టారు. సిలిండర్ నా మోకాళ్ల మధ్య ఉంది. పెద్దాయన గొడుగు పైన పట్టుకుని కొంత దూరం పక్కనే నడిచాడు, ఆటో వేగం అందుకున్నాక గొడుగు లోపలికి విసిరేశాడు. గుంటల గట్టు మీద దారి అంతా గుంతలే. కుదుపు కుదుపుకూ గొట్టం ఊడిపోతుందేమో అని ఒక చేత్తో దాన్ని ఆయన ముక్కుకు అదిమి పట్టుకున్నాను. మూడు గుంటలు దాటాలి. మొదటి గుంట దాటేసరికి స్‌స్స్ చప్పుడు సన్నబడింది. రెండోది దాటేసరికి నాకు వినిపించలేదు, ఆటో మోతకేనని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆయన పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా మారుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. నాకు దేవుడు గుర్తుకు రాలేదు, ఏ మొక్కూ నోటికి రాలేదు. ఇది నేనే చేశాను, ఇది నేనే చేశాను, అదొక్కటే తిరుగుతోంది లోపల.

షెడ్డు దగ్గర జనరేటర్ రెండుసార్లు తిప్పితే అందుకోలేదు. గుంటల అన్న బూతు మాట అని మూడోసారి తిప్పాడు. అందుకుంది. గుంటలో నీళ్లు చిలికే చక్రాలు తిరగడం మొదలైంది. మేత బస్తాల పక్కన ప్లగ్గులో మిషన్ తీగ పెట్టారు. ఆకుపచ్చ లైటు వెలిగింది. బుస్సుమంది.

నేను ఆ బస్తాల మీద కూలబడి ఏడ్చాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చాను. కాసేపటికి ఆయన పెదవులకు రంగు తిరిగింది. వీధిలో వాళ్లు ఒక్కొక్కరే గట్టు వెంట నడిచి వచ్చారు. చివరగా పెద్దాయన వచ్చి, కర్ర నేల మీద ఆనించి నిలబడ్డాడు.

"టీచరమ్మ వంతు ఎవురు తీసుకున్నారు?" అన్నాడు.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయమన్నట్టుంది అక్కడ. నేను చెప్పాలి. నోరు తెరిస్తే, మొగుడి ఊపిరి మీదికి తెచ్చింది నువ్వేనా అంటారు. సిలిండర్ సంగతి కూడా బయటికొస్తుంది. తల దించుకుని పెద్దాయన పాదాల వైపు చూస్తూ ఉండిపోయాను.

మా ఆయన ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకున్నాడు. "మా ఇంట్లో..." అని ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఏసినాం..." మళ్లీ ఆగాడు. "పెదనాయనా."

నిద్రపోతున్నాడనుకున్న మనిషి రిమోట్ కీచు విన్నాడన్నమాట. ఆ మూడు మాటలకు ఆయన ఎంత ఊపిరి ఖర్చు పెట్టాడో నాకు తెలుసు. వేలికి తగిలించిన బిళ్లలో అంకె రెండు మెట్లు దిగడం చూశాను. అప్పుడు పక్కింటామె "మేం గూడా ఏసినాం" అంది. ఆ తరువాత ఇంకొకరు. గుంటల అన్న జనరేటర్ మీది చెయ్యి తీయకుండా "నేనూ" అన్నాడు. మొత్తం అయిదు ఇళ్లు. అందరం టీచరక్క గోడ మీది డబ్బా నిద్రపోవడం చూశాం, అందరికీ అదే న్యాయం తోచింది, అందరం తలుపులు మూసుకుని మడవ తిప్పుకున్నాం. వంతు ఉన్న మూడు ఇళ్లు ఎటూ ఆడుతూనే ఉన్నాయి.

పెద్దాయన అందరినీ ఒకసారి చూశాడు. "కేకేసినారా ఎవురన్నా?" అని అడిగాడు. జవాబు కోసం నిలబడలేదు.

అంబులెన్సు గుంటల దగ్గరికే వచ్చింది. మూడు రోజులు నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నాం. ఈలోగా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, మిషన్‌ను మోసే పెద్ద ఇన్వర్టర్ కూడా చేబదులుకైనా వెనకాడకుండా తెచ్చాను. ఇంటికి వచ్చిన నాడు టీచరక్క సూప్ చేసి తెచ్చింది. తను ఊరికి వెళుతూ ఎవరికీ చెప్పి వెళ్లలేదని ఏడ్చింది. నేను ఆమెను ఓదార్చాను, చూడండి నా ముఖం.

అక్కతోనూ, వచ్చినవాళ్లందరితోనూ ఒకటే చెప్పాను, ఆయనకు అంకె పడిపోయింది, అందుకే ఏసీ వేయక తప్పలేదని. అబద్ధం. రిమోట్ నొక్కే ముందు ఆయన వేలికి బిళ్ల పెట్టి చూశాను. తొంభై మూడు. నమ్మకం కలగక మళ్లీ పెట్టాను. తొంభై మూడే. ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. అంత హాయిగా పడుకోవడమే నన్ను భయపెట్టింది. చేతులు కట్టుకుని ఊరికే కూర్చోలేను, ఏదో ఒకటి తిప్పాలి, నొక్కాలి, చప్పుడు వినాలి. సిలిండర్‌తో చేసిందే ఏసీతోనూ చేశాను.

తాళంచెవి ఇప్పుడు ఆయన దిండు పక్కన, ఆయన చెయ్యి అందేచోట తాడుకు వేలాడుతోంది. సిలిండర్ నింపించుకుని వచ్చిన రోజే అన్నాడు. "కరెంటు పోతే తప్ప నువ్వు దాన్ని తాకబాక." తాకలేదు. ముల్లును మాత్రం చూడటం నేర్చుకున్నాను.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదే, అయినా వంతులు మానలేదు. కేకలు కూడా పుస్తకంలోకి ఎక్కాయి. మొదటి కేక వేయాల్సి వచ్చింది నాకే. టీచరక్క మళ్లీ నెల్లూరు వెళుతూ ఈసారి నాకు చెప్పి వెళ్లింది. రెండింటికి గేటు దగ్గర నిలబడ్డాను. నలుగురిలో గొంతెత్తాలంటే నాకు చెమటలు పడతాయి. "టీచరక్క వంతూ... ఎవురన్నా ఉండారా..." అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. రెండోసారి వీధి సగం దాకా పోయింది. మూడోసారి పెద్దాయన కుక్క మొరిగింది. తలుపులు కొన్ని తెరుచుకున్నాయి, చేతులు ఊపారు, మాకొద్దన్నారు. వంతు చివరి మడికే వచ్చింది.

లోపలికి వచ్చి రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. మిషన్ బుస్సుమంటోంది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు, మూడు కేకలూ విన్నట్టున్నాడు, పెదవి చివర నవ్వుంది. ఆ రోజు నేను వీధిని అడగలేదు సరే. పక్కనే ఉన్న మనిషిని కూడా అడగలేదని అప్పుడు తట్టింది నాకు.

"ఏమయ్యా, ఉక్కగా ఉందా నీకు?" అని అడిగాను.

ఊపిరి తీసుకుని, "లేదు. నీకా?" అన్నాడు.

"ఉక్క కాదు," అన్నాను. "భయంగా ఉంది."

ఆయన కొంచెం పక్కకు జరిగి, గొట్టాన్ని అటు వేసుకుని, మంచం మీద నాకు చోటిచ్చాడు.